పుంజు మనుషుల మీదికొస్తుంటే

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మన తెలుగువాళ్ళ దొడ్లలో నాలుగు నాటుకోళ్ళు తిరగడం మామూలే. పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో నూకలు తిన్న పుంజే ఏడాది తిరక్కుండా ఇంట్లోవాళ్ళని తరమడం మొదలెడుతుంది. పొగరెక్కిందని చీపురు అందుకుంటారు. అది పొగరు కాదు. మనుషుల చేతుల్లో ఒంటరిగా పెరిగిన పుంజుకి మనమంటే బెరుకుండదు, మనల్నీ ఇంకో పుంజుగానే లెక్కేసుకుంటుంది. పెట్టల దగ్గరికి ఇంకో పుంజొస్తే ఏం చేస్తుందో అదే మనకీ చేస్తుంది.

అయిదారు నెలల వయసులో మొదలై, ఏడాది, ఏడాదిన్నర దాకా ఈ ఉద్రేకం బాగా కనిపిస్తుంది. సంక్రాంతి దాటి పొద్దు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే కోడి ఒంట్లో మగ హార్మోన్లను పెంచేది వెలుతురే. కుర్రాళ్ళు సరదాకి కాలు చాపి రెచ్చగొడితే ఇక చెప్పక్కర్లేదు, ఆ ఆట మానిపించాలి.

ఎగిరే ముందు అది చెప్పే ఎగురుతుంది. ఒక రెక్క నేలకి జార్చి, చిన్న చిన్న అడుగులతో పక్కవాటుగా మీ చుట్టూ తిరుగుతుంది. మధ్యలో ఆగి, గింజ లేని చోట నేలని పొడుస్తుంది. ఆ తర్వాత తల దించి, మెడ ఈకలు గొడుగులా విప్పి, కన్నార్పకుండా చూస్తుంది. అప్పుడు వెనక్కి పరిగెత్తితే గెలుపు దానిదే, రేపు ఇంకా ముందే వస్తుంది. తన్నితే పోట్లాటకి ఒప్పుకున్నట్టే. కదలకుండా నిలబడండి. చేతిలో చేటో తట్టో ఉంటే కాళ్ళకి అడ్డం పెట్టి, చేతులు ఊపకుండా, మెల్లగా ఒక్కో అడుగు దానివైపు వెయ్యండి. అది చూపు తిప్పుకుని పక్కకి తప్పుకున్నాక మీ పని మీరు చూసుకోండి, వెంటపడొద్దు. ఇంట్లో అందరూ ఇలాగే చెయ్యాలి. ఒకరు కొట్టి ఒకరు పారిపోతుంటే అది మారదు.

పట్టుకోవాలంటే చీకటి పడ్డాక గూట్లో పట్టుకోండి. రాత్రి కోళ్ళకి చూపు ఆనదు కాబట్టి గోల ఉండదు. రెండు రెక్కలూ ఒంటికి ఆనేలా చంకలో ఇరికించుకుని, కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, పది పదిహేను నిమిషాలు ఉంచి, ఒళ్ళు వదులయ్యాకే దించండి. గింజుకుంటుండగా వదలొద్దు. పొద్దున దొడ్డి ఊడ్చేటప్పుడు, గుడ్లు తీసేటప్పుడు దాన్ని గంప కింద మూసి, పైన రాయి పెడితే సగం తగువు తీరిపోతుంది. పెట్టని పట్టుకుని అది అరిచేలా చేస్తే మాత్రం ఎంత నెమ్మదైన పుంజైనా మీదికొస్తుంది.

ఒక పుంజుకి ఎనిమిది, పది పెట్టలుండాలి. రెండు మూడే ఉంటే వాటి వీపుల మీద ఈకలు ఊడిపోతాయి. ఇన్నాళ్ళూ నెమ్మదిగా ఉన్న పుంజు ఉన్నట్టుండి మారితే కాళ్ళ పొలుసుల కింద గజ్జి పురుగు, రెక్కల కింద పేలు, కంటి చూపు చూడండి. ఒక కన్ను పోయిన పుంజు ఆ పక్క నుంచి ఎవరొచ్చినా బెదిరి ఎగురుతుంది.

పుంజు కాలి వెనక పొడుచుకొచ్చే ముల్లు లోపల ఎముక, రక్తనాళం ఉంటాయి, కాబట్టి దాన్ని మొదలు దగ్గర కొయ్యకూడదు. సూదిలా ఉన్న కొసని ఆకురాయితో మొద్దుగా అరగదీస్తే చాలు. ముల్లు గుచ్చుకుంటే గాయం చిన్నగా కనిపించినా లోతుగా దిగుతుంది. సబ్బుతో, పారే నీళ్ళలో బాగా కడగండి. చివరిసారి టెటనస్ ఇంజెక్షను వేయించుకుని అప్పటికే అయిదేళ్ళు దాటి ఉంటే ఆస్పత్రికి వెళ్ళండి. కోళ్ళ నుంచి రేబిస్ రాదు, ఆ భయం వద్దు.

మల్కాన్‌గిరి, కోరాపుట్ వైపు పెంచే అసీల్ పుంజులు సాటి పుంజుని చంపేదాకా వదలవు గానీ, మనుషుల చేతిలో చాలామటుకు నెమ్మదిగా ఉంటాయి. పోట్లాట జాతి కాబట్టే మనుషుల మీదికొస్తుందనుకోవడం తప్పు. అయితే మనుషుల మీదికొచ్చే గుణం పిల్లలకీ దిగుతుంది, అలాంటి పుంజు గుడ్లు పొదగెయ్యకండి.

ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం నేను రాజీ పడను. వాళ్ళ మొహం, కళ్ళు దాని ముల్లుకి అందే ఎత్తులోనే ఉంటాయి. మొహం మీదికి ఒక్కసారి ఎగిరినా దాన్ని వేరుగా కంచెలో పెట్టాలి, లేదా తీసెయ్యాలి. తినే గుడ్లకి పుంజు అక్కర్లేదు, పెట్టలు పెడుతూనే ఉంటాయి. పొదగెయ్యాలనుకుంటే కొత్త పుంజుని తెచ్చాక మూడు వారాలు ఆగండి, పాత పుంజు బీజం అప్పటిదాకా పెట్టలో ఉండొచ్చు.