ఇకెబుకురోలో దొరికిన రాయి

టోక్యోలో ఐదు రోజులున్నాను. గుళ్లు, తోటలు, షిబుయా కూడలి అన్నీ ఫోటోల్లో ఉన్నాయి. నాకు చెప్పాలనిపిస్తున్నది మాత్రం ఒక బొమ్మల షాపులో గడిచిన మధ్యాహ్నం గురించే.

ముందు ఇకెబుకురో స్టేషన్ మీద కోపం తీర్చుకోవాలి. పేరులో పడమర ఉన్న సెయిబు డిపార్ట్‌మెంట్ స్టోర్ అక్కడ తూర్పు వైపు ఉంటుంది, పేరులో తూర్పు ఉన్న తోబు ఏమో పడమర వైపు. యమనోతె లైన్ దిగి అరగంట లోపలే తిరిగాను. బయటపడ్డాక పది నిమిషాలు నడిస్తే సన్‌షైన్ సిటీ అనే మాల్, దాని రెండో అంతస్తులో నేను చెప్పిన బొమ్మల షాపు, పోకెమాన్ సెంటర్ మెగా టోక్యో.

పోకెమాన్ వీడియో గేములు వచ్చిన రెండేళ్లకే, 1998లో, నిహోంబాషిలో మొదటి పోకెమాన్ సెంటర్ తెరిచారు. ఈ మెగా టోక్యో 2014 నాటిది. అమ్ముడుపోయేది పికాచు కాబట్టి షాపంతా పికాచులే ఉంటాయనుకున్నాను. కానీ అరచేతిలో పట్టే చిన్న బొమ్మల వరుస ఒకటుంది, పేరు పోకెమాన్ ఫిట్. 2018లో, మొదటి గేముల్లో ఒక్కోదానికి ఒక్కో నంబరున్న 151 పోకెమాన్ జీవులతో మొదలుపెట్టారు. ఎవరూ అడగని పురుగులు, పాములు, గబ్బిలాలు కూడా పికాచుతో సమానంగా కూర్చుని ఉన్నాయి. అక్కడే నాకు తమ్ముడు గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు చిప్స్ ప్యాకెట్లలో పోకెమాన్ బిళ్లలు వచ్చేవి. అక్కనని మంచివన్నీ నేనే తీసుకునేదాన్ని. వాడికి మిగిలింది జియోడ్యూడ్, రెండు చేతులున్న రాయి. వాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ బిళ్లను పదో తరగతి దాకా జామెట్రీ బాక్సులో దాచుకున్నాడు.

అరల్లో ఎంత వెతికినా అది కనబడలేదు. అక్కడ పనిచేసే అమ్మాయిని 'జియోడ్యూడ్' అని అడిగితే ఆమెకు అర్థం కాలేదు. ఇంకోసారి గట్టిగా పలికాను, లాభం లేదు. ఫోన్‌లో బొమ్మ చూపించగానే ఆమె మొహం వెలిగిపోయింది. "ఆ, ఇషిత్సుబుతే!" జపనీస్‌లో దాని పేరు అది. ఇషి అంటే రాయి, త్సుబుతే అంటే విసరడానికి చేతిలోకి తీసుకునే గులకరాయి. ఇంగ్లిష్ పేరుకంటే ఎంత బావుందో! ఆమె కింది అర ముందు మోకాళ్ల మీద కూర్చుని, వెనక వరుసలోంచి ఒకదాన్ని తీసి రెండు చేతులతో నాకిచ్చింది.

ధర మాత్రం ఎక్కువే. అంత చిన్న బొమ్మకు వెయ్యి యెన్‌ల పైనే. 5,000 యెన్‌లకు కొంటే పాస్‌పోర్ట్ చూపించి 10 శాతం పన్ను తప్పించుకోవచ్చు, కానీ నాకు కావలసింది ఒక్కటే. సంతోషంగా పన్ను కట్టాను.

రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేశాను. వాడికి సాయంత్రం నాలుగున్నర, ఆఫీసులో ఉన్నాడు. "ఒరే, ఇది ఎవరిదో చెప్పు" అని బొమ్మ చూపించాను. కాసేపు మాట్లాడలేదు.

"నంబరు 74 కదక్కా" అన్నాడు. తర్వాత కెమెరా దగ్గరగా పెట్టమన్నాడు, చేతులు సరిగ్గా కుట్టారో లేదో చూడాలట.