కర్రసాము ఎందుకు పనికొస్తుంది?

ఆదివారాలు కర్రసాము నేర్చుకోవడానికి వెళ్తున్నానంటే అందరూ అడిగేది ఒకటే. "రోడ్డు మీద ఎవడైనా మీదికొస్తే కర్ర ఎక్కణ్నించి తెస్తావ్?" న్యాయమైన ప్రశ్నే. ఆఫీసు బ్యాగులో నిలువెత్తు కర్ర పట్టదు మరి.

కానీ అక్కడ మొదట నేర్పింది కర్ర తిప్పడం కాదు, అడుగులు వేయడం. ఎదుటివాడి కర్ర కొస నాకు ఎంత దూరంలో ఆగుతుందో కంటికి అలవాటయ్యాక భయం చాలా తగ్గింది. ఇప్పుడు బస్టాండులో ఎవరైనా గొడవకి దిగితే నా కాలు దానంతటదే ఓ అడుగు వెనక్కి పడుతుంది. నాకైతే అసలు లాభం అదే.

కేరళ యుద్ధవిద్య కళరిపయట్టులో నేర్పే వరస ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ముందు ఒళ్లు వంచే మెయ్‌తారి, తర్వాత కర్రలతో కోల్‌తారి, ఆపైన కత్తి, డాలు లాంటివాటితో అంకతారి. వట్టి చేతులతో పోరాడే వెరుంకై చివర్లో వస్తుంది. ఫిలిప్పీన్స్ జాతీయ క్రీడ ఆర్నిస్‌లో కూడా చాలాచోట్ల ముందు బెత్తం చేతికిస్తారు. అవే కదలికలు తర్వాత ఖాళీ చేతులకి పనికొస్తాయి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. రీల్స్‌లో కనిపించే గిరగిరా తిప్పుళ్లు చూడ్డానికి బాగుంటాయి, మణికట్టుకీ మంచివే. ఎదురుగా మనిషి లేకుండా ఎంత తిప్పినా దెబ్బ కాచుకోవడం మాత్రం రాదు.

మరి కత్తి పట్టుకున్నవాడు ఎదురైతేనో? పర్సు ఇచ్చేసి పరిగెత్తడమే. అడుగులు బాగానే నేర్పారుగా!