మన్ననూరు గేటు పడకముందే

మొన్ననే ఆరు వేల పైచిలుకు పోసి కొత్త బ్యాటరీ వేయించిన బండి. శ్రీశైలం పోతూ కల్వకుర్తి దాటిందో లేదో, ఏసీ గాలి మందగించింది. కాసేపటికి పాటలు ఆగిపోయాయి. స్టీరింగ్ బరువెక్కింది. ఏబీఎస్ దీపం, ఇంకేవో దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. వాటి మధ్యలో, కొన్నాళ్లుగా వచ్చి పోతున్న ఎర్ర బ్యాటరీ బొమ్మ!

నాకు సిటీలోని ఆ బ్యాటరీ దుకాణం మీద ఒళ్లు మండింది. మొన్న పొద్దున సెల్ఫ్ తీసుకోవట్లేదని వెళ్తే, బానెట్ ఎత్తి "అయిపోయింది సార్, మార్చాల్సిందే" అన్నారు. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఛార్జింగ్ ఎంత వస్తోందో చూసినవాడు లేడు. వారంటీ కార్డు మాత్రం ప్లాస్టిక్ కవర్లో నీటుగా పెట్టిచ్చారు.

"మన్ననూరు గేటు తొమ్మిదింటికి వేస్తరు, యాదుందా?" అంది వెనక సీట్లోంచి అమ్మ. యాదుంది. అమ్రాబాద్ పులుల అడవి కదా, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. గేటు తీసి ఉన్నా, హెడ్‌లైట్లు వెలగని బండితో ఆ మలుపుల్లోకి ఎవడు పోతాడు?

దిండిలో చాయ్‌కి ఆగి ఇంజన్ ఆపేశాను. చాయ్ తాగొచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ మని చప్పుడు, అంతే. పక్కన చేపలు వేయిస్తున్నారు. ఆ వాసనకి నాకు ఆకలి, శ్రీశైలం మొక్కు మీదున్న అమ్మకు చిరాకు. చేపల బండి కుర్రాళ్లే వచ్చి నెట్టారు. సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే స్టార్టయింది. "ఏసీ, పాటలు బంద్ పెట్టు అన్నా. అచ్చంపేట దాంక ఇంజన్ ఆపకు," అన్నాడొకడు. ఆ మాట బంగారం. ఛార్జింగ్ లేనప్పుడు బ్యాటరీలో మిగిలిందే పెట్టుబడి, దాన్ని ఎంత పొదుపుగా వాడితే అంత దూరం.

హాజీపూర్ దగ్గర హైవే దిగి అచ్చంపేట చేరేసరికి పొద్దు గూకుతోంది. పార్కింగ్ లైట్లు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.

ఆటో ఎలక్ట్రికల్ షాపు పెద్దమనిషి ఏమీ అడగలేదు. మీటర్ తీసుకొచ్చి, ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ మీద పెట్టాడు. 11.7 వోల్టులు. యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. తొక్కినా 11.7.

"ఇంజన్ నడుస్తుంటే పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర నడుమ ఉండాలె సార్. బ్యాటరీ మంచిగనే ఉంది. దానికి బువ్వ పెట్టేటోడే లేడు."

ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీకి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు చూశాడు. బిగువుగానే తిరుగుతోంది. తర్వాత ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించే బోల్టు దగ్గర మీటర్ పెట్టాడు. అక్కడా అంతే. అక్కడ పద్నాలుగు ఉండి బ్యాటరీ దగ్గర లేకపోతే దారిలో వైరో ఫ్యూజో పోయినట్టట. అప్పుడు స్పానర్ తిప్పి పట్టుకుని, పిడితో ఆల్టర్నేటర్ వెనక రెండు సార్లు మెల్లగా తట్టాడు. డాష్‌బోర్డులో ఎర్ర దీపం ఆరింది! మీటర్ 13.6కి ఎగిరి, మళ్లీ పడిపోయింది.

"కార్బన్లు అరిగినయ్."

ఇంజన్ ఆపించి, ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, తర్వాతే ఆల్టర్నేటర్ మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు మా ఊళ్లో జీపు డ్రైవర్ ఇంజన్ నడుస్తుండగానే టెర్మినల్ పీకేసేవాడు. ఇంజన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు లెక్క. పిల్లలందరం గుడ్లప్పగించి చూసేవాళ్లం. ఆ సంగతి చెబితే పెద్దాయన చూపుతోనే తిట్టాడు. "గా జీపుల కంప్యూటర్ ఉండెనా సార్? ఇయ్యాల గట్ల పీకితే వోల్టేజి ఒక్కసారే లేస్తది, కంప్యూటర్ కాలుతది. ఆల్టర్నేటర్ల డయోడ్లు గుడ పోతయ్."

విప్పితే లోపల రెండు కార్బన్ ముక్కలు. ఒకటి వేలిగోరంత మిగిలింది, రెండోది అంత కూడా లేదు. అవి రాగి రింగులను ఆనుకుంటేనే లోపల తిరిగే చుట్టకు కరెంటు అందుతుంది. ఆనకపోతే బెల్టు ఎంత తిప్పినా కరెంటు పుట్టదు. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా కాసేపు అంటుకునేవి కాబోలు, అందుకే ఇన్నాళ్లూ దీపం వచ్చి పోయేది. రింగుల్ని సన్న గరుకు కాయితంతో రుద్ది, డయోడ్లను ఒక్కోదాన్నీ మీటర్‌తో చూశాడు. ఒకవైపే పారనివ్వాలి, రెండోవైపు ఆపాలి. అన్నీ బాగానే ఉన్నాయి. కొత్త కార్బన్లు టంకం వేసి బిగించేలోపు అమ్మ, ఆయన భార్య తెచ్చిన చాయ్ తాగుతూ, వాళ్ల మనవరాలి చదువు మొత్తం తెలుసుకుంది.

పక్క బండి నుంచి వైర్లు వేసి స్టార్ట్ చేస్తే 14.2. హెడ్‌లైట్లు, ఏసీ అన్నీ వేసినా 13.9. ఏడు వందలు తీసుకున్నాడు, సామాను తనదే. చిల్లర వద్దంటే ఊరుకోలేదు, వెతికి మరీ ఇచ్చాడు. సిటీలో అయితే ఆల్టర్నేటరే కొత్తది వేయించేవాళ్లు.

మన్ననూరు చేరేసరికి తొమ్మిదికి ఇంకా టైముంది. చెక్‌పోస్టు మనిషి నంబరు రాసుకుని, "లోపట ఆగొద్దు, స్పీడ్ పోవద్దు," అన్నాడు. ఆగే ప్రసక్తే లేదని అమ్మే జవాబిచ్చింది. శ్రీశైలంలో దర్శనం బాగా జరిగిందట. ఆ వివరాలు ఆమెనే అడగాలి, నేను క్యూలో నిలబడే నిద్రపోయాను.