తల అరిగిన స్క్రూ ఊడి రావాలంటే

ప్లస్ స్క్రూ తల పాడైందంటే చాలాసార్లు తప్పు తుప్పుది కాదు, చిన్న సైజు స్క్రూడ్రైవర్‌ది. తలుపు బందుల స్క్రూలకు మామూలుగా పీహెచ్2 సైజు ప్లస్ స్క్రూడ్రైవర్ కావాలి. అంతకన్నా చిన్నదైన పీహెచ్1 పెట్టి తిప్పితే జారి గాడి గుల్లవుతుంది.

ముందు గాడిలో ఇరుక్కున్న పెయింటు పిన్నీసుతో గీకెయ్యండి. తుప్పుంటే దాన్ని వదులు చేసే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టి అరగంట ఆగండి. స్క్రూడ్రైవర్ నిటారుగా పెట్టి, పిడి మీద సుత్తితో నాలుగు దెబ్బలు వెయ్యండి, పట్టు వదులుతుంది. బలమంతా నొక్కడానికే వాడాలి. మొదట కాస్త బిగించే వైపు తిప్పి, ఆ తర్వాతే ఎడమకు.

గాడి పూర్తిగా పోయిందా? తల పైకి ఉంటే హ్యాక్‌సా బ్లేడుతో అడ్డంగా 1 మి.మీ. లోతు గాటు పెట్టి మైనస్ స్క్రూడ్రైవర్ వాడండి. గాడికీ స్క్రూడ్రైవర్‌కీ మధ్య రబ్బరు బ్యాండు పెట్టి తిప్పే చిట్కాకు పేరెక్కువ. తుప్పు పట్టినదాని మీద దండగ.

ఊడాక చెక్క రంధ్రం వదులైతే ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలు దూర్చి, ఆరాక కొత్త స్క్రూ బిగించండి.