తుప్పు వదిలించడం: నానబెట్టే ముందు, తీసిన తర్వాత

తుప్పు పట్టిన స్పానర్‌ని రాత్రి వెనిగర్‌లో వేసి పొద్దున తీస్తే శుభ్రపడుతుంది. కానీ కొద్ది రోజులకే మళ్లీ ఎర్రబడుతుంది. చాలామంది వెనిగర్ పనిచేయలేదనుకుంటారు. అది తన పని చేసింది. బయటికి తీశాక మనం చేయాల్సిన పనే మిగిలిపోయింది.

ముందు జిడ్డు. గ్రీజు, పాత నూనె ఉన్నచోట ఆమ్లం లోహం దాకా పోదు, అక్కడ తుప్పు మచ్చలుగా మిగిలిపోతుంది. డిష్‌వాష్ లిక్విడ్, వేడినీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో తోమి కడగండి. పొరలు పొరలుగా లేచిన తుప్పును వైర్ బ్రష్‌తో రాల్చేస్తే నానబెట్టే సమయం బాగా తగ్గుతుంది.

వెనిగర్ అయితే వంటింట్లో వాడే 5 శాతంది చాలు, నీళ్లు కలపక్కర్లేదు. నాకు మాత్రం నిమ్మ ఉప్పే (సిట్రిక్ యాసిడ్) నచ్చుతుంది: ఘాటు వాసన ఉండదు, పని త్వరగా అవుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. ప్లాస్టిక్ లేదా గాజు పాత్రే వాడాలి. అల్యూమినియం గిన్నెనీ, జింక్ పూత ఉన్న బకెట్‌నీ ఆమ్లం తినేస్తుంది. వస్తువు మొత్తం మునగాలి. సగం బయట ఉంటే నీటి అంచు దగ్గర లోహం మీద గీత పడుతుంది, అది ఎంత రుద్దినా పోదు.

ఎంతసేపు? నిమ్మ ఉప్పులో పలచటి తుప్పు గంట, రెండు గంటల్లో వదులుతుంది, మందంగా ఉంటే రాత్రంతా పట్టొచ్చు. గడియారాన్ని నమ్ముకోకుండా మధ్యమధ్య తీసి, బ్రష్‌తో రుద్ది చూడండి. తుప్పు పోయిన చోట సన్నటి బుడగలు వరసగా లేస్తున్నాయంటే ఆమ్లం ఇప్పుడు ఇనుమునే కరిగిస్తోందని అర్థం. ఇక తీసేయాలి. ఆ బుడగలు హైడ్రోజన్ వాయువు, అందుకే మూత బిగించకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు. పైన మిగిలే నల్లటి మసి బ్రష్‌కే వదిలిపోతుంది. తుప్పు తిన్న గుంటలు మాత్రం అలాగే ఉంటాయి. పోయిన లోహాన్ని ఏ ద్రవమూ వెనక్కి తేలేదు.

వెనిగర్‌లో మామూలు ఉప్పు వేస్తే వేగం పెరుగుతుంది, నిజమే. కానీ ఉప్పులోని క్లోరైడ్ ఆ గుంటల్లో దాక్కుని మళ్లీ తుప్పు పట్టిస్తుంది. నేనైతే వేయను. బ్లీచింగ్ ద్రవం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆమ్లంతో కలపొద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

తీసిన వెంటనే నీళ్లతో కడిగి, లీటరు నీళ్లకు రెండు టేబుల్ స్పూన్ల వంట సోడా కలిపిన పాత్రలో కొన్ని నిమిషాలు ఉంచండి. బోల్టు మరల (థ్రెడ్ల) మధ్య ఇరుక్కున్న ఆమ్లం దీంతోనే విరుగుతుంది. తర్వాత బాగా వేడి నీళ్లలో ముంచి తీయండి: లోహం వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోతుంది. సందుల్లోకి హెయిర్ డ్రయ్యర్ పట్టండి. ఇక్కడ ఆలస్యం చేస్తే కళ్లముందే నారింజ రంగు పొర కమ్ముతుంది. ఇంకా వెచ్చగా ఉండగానే కుట్టు మిషన్ ఆయిల్ రాసేయండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు జిగటగా గడ్డకడుతుంది.

అన్నింటినీ నానబెట్టకూడదు. గట్టి స్ప్రింగులు హైడ్రోజన్‌ని పీల్చుకుని పెళుసుబారి, తర్వాత బరువు పడ్డప్పుడు విరగొచ్చు. వాటికి వైర్ బ్రష్, నూనె చాలు. జింక్ పూత వేసిన నట్లను ఆమ్లంలో వేస్తే తుప్పు కంటే ముందు పూతే పోతుంది. క్రోమ్ మీది పైపై మచ్చలకు అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు.

వాడిన ద్రవాన్ని పారబోసే ముందు అందులో కొద్దికొద్దిగా వంట సోడా వేయండి. ఒక్కసారిగా వేస్తే నురగ పొంగి బయటికి పొర్లుతుంది. పొంగడం ఆగాక పారబోయొచ్చు.