నవ్వించే హంతకుడి మాట ఎంతవరకు నమ్మాలి

చంపినవాడే కథ చెప్పే నవలలంటే నాకు చాలా ఇష్టం, అందులోనూ వాడు మంచి మాటకారి అయి, మనల్ని నవ్విస్తూ చెప్పాడంటే ఇక తెల్లారేదాకా పుస్తకం వదలను. ఇంట్లో వాళ్ళకి ఇదొక వింత. అంత రక్తం, అంత దుర్మార్గం చదువుతూ నవ్వేది ఏముందే అంటుంది మా అమ్మ. ఆమెకు అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను గానీ, ఇక్కడ చెప్పాలనిపించింది.

కథ చెప్పేవాణ్ణి నమ్మలేని ఈ పద్ధతికి అన్‌రిలయబుల్ నేరేటర్ అనే పేరు 1961లో వేన్ బూత్ అనే అమెరికన్ విమర్శకుడి పుస్తకంతో వచ్చింది. పేరు అప్పుడొచ్చిందే తప్ప పని పాతదే. ఎడ్గార్ అలన్ పో 1843లో రాసిన ‘ది టెల్-టేల్ హార్ట్’ చూడండి. ఒకడు ముసలాయన్ని చంపి, నేల మీది చెక్కలు లేపి, శవాన్ని వాటి కింద దాచి, పోలీసులు వస్తే సరిగ్గా ఆ చెక్కల మీదే కుర్చీ వేసుకుని కబుర్లాడతాడు. నాకు పిచ్చి లేదు, ఎంత జాగ్రత్తగా చంపానో చూడండి, పిచ్చివాడు ఇలా చేయగలడా అన్నది వాడి వాదన. నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది.

అయితే నన్ను నిజంగా కుదిపేసింది మాత్రం జిమ్ థాంప్సన్ 1964లో రాసిన ‘పాప్. 1280’. నెల్లూరు నుంచి ఊరికి వచ్చేటప్పుడు పినాకిని రైల్లో మొదలుపెట్టి, ఒంగోలులో దిగాక స్టేషన్ బెంచీ మీద కూడా చదువుతూ కూర్చున్నాను. కథ చెప్పేవాడు నిక్ కోరీ, అమెరికాలో ఒక చిన్న కౌంటీకి (మన జిల్లా లాంటిది) షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి. తిండి సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు అని మొదలుపెడతాడు. తీరా వింటే, ముందున్న మాంసం, గుడ్లు, రొట్టెలు అన్నీ పూర్తి చేయలేకపోయాడట, అదీ వాడి బాధ. అమాయకుడు, పెళ్ళాం చేత తిట్లు తినేవాడు, అందరికీ లోకువైనవాడు, పాపం అనుకుంటాం. ఆ తర్వాత తనను అవమానించిన ఇద్దరు తార్పుడుగాళ్ళను కాల్చేస్తాడు. వాళ్ళు చెడ్డవాళ్ళే కాబట్టి మనకేం పెద్దగా అనిపించదు, నవ్వు ఆగదు. తర్వాత పెళ్ళాన్ని కొట్టే ఒక తాగుబోతును చంపుతాడు, దానికీ తల ఊపేస్తాం. ఆ శవాన్ని ఇంటికి తెచ్చిన పాపానికి అంకుల్ జాన్ అనే నల్లజాతి ముసలాయన దొరికిపోతాడు. ఆయన ఏ తప్పూ చేయలేదని నిక్‌కి తెలుసు, మనకూ తెలుసు, అయినా నిక్ ఆయన్నీ చంపేస్తాడు. గొంతు మాత్రం అదే, అదే మెత్తదనం, అదే నాకు వేరే దారి లేదన్న ధోరణి.

అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అప్పటిదాకా నవ్విన ప్రతి నవ్వూ వాడికి నేను ఇచ్చిన అనుమతి అని అర్థమైంది. రచయిత చెప్పదలుచుకున్నదంతా ఆ వరసలోనే ఉంది: ముందు చెడ్డవాళ్ళు, తర్వాత ఇంకొంచెం తక్కువ చెడ్డవాడు, చివరికి ఏ పాపమూ ఎరగని మనిషి. థాంప్సన్ తండ్రి ఓక్లహోమాలో షెరీఫ్‌గా చేసినవాడు. ఆ ఉద్యోగంలో మనుషులు ఎలా మాట్లాడతారో, ఎక్కడ నవ్వి తప్పించుకుంటారో థాంప్సన్ చిన్నప్పటి నుంచీ విని ఉంటాడని నాకు అనిపిస్తుంది.

మా ఊళ్ళోనూ ఇలాంటి కథకుడు ఒకాయన ఉండేవాడు. కొండపి వైపు పొగాకు పండే ఊళ్ళలో పుట్టినవాళ్ళకి తెలుసు, ఆకుని బ్యారన్‌లో (ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం) పెట్టాక రాత్రంతా పొయ్యి దగ్గర మనిషి ఉండాల్సిందే, వేడి తగ్గినా హెచ్చినా ఆకు పాడైపోతుంది. కట్టెలు ఎగదోస్తూ, మధ్యమధ్యలో థర్మామీటర్ చూసుకుంటూ కూర్చున్నవాళ్ళకి కబుర్లే దిక్కు. వరసకు నాకు పెదనాన్న అయ్యే ఆయన తన పాత కొట్లాట కథ చెబితే పొట్ట చెక్కలయ్యేది. “నేనేం చేశాన్రా, గొడవ ఆపుదామని పోయినా. దోవలో చిల్లకంప పక్కన కర్ర పడుంటే ఊరికే చేతిలోకి తీసుకున్నా, అంతే” అనేవాడు. ఎవడు ముందు పరిగెత్తాడో, ఎవడి పంచె ఊడిందో, ఎవడు గడ్డివాము ఎక్కాడో అన్నీ చేసి చూపించేవాడు. కథ చివర్లో మాత్రం ఆ కర్ర గొప్పతనం చెప్పకుండా ఉండలేడు. “దానికి కందుకూరులో పొన్ను ఏపించినాన్రా, ఆ కమ్మరోడు నా దగ్గర ఎంత గుంజాడనుకున్నావ్” అని బేరం కథ అందుకునేవాడు, మళ్ళీ అందరూ నవ్వులు. దోవలో దొరికిన కర్రకి ముందే పొన్ను, అంటే కొసకి వేసే ఆ లోహపు తొడుగు, ఎట్టా వచ్చిందని అడిగినవాడు లేడు. నాకూ పెద్దయ్యాకే తట్టింది.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. ఆ కొట్లాటలో కాలు పోయిన మనిషి భార్య పగలు అదే బ్యారన్ దగ్గర ఆకు కర్రలకు కట్టడానికి కూలికి వచ్చేది. ఆమె ఉండగా ఆయన ఆ కథ ఎత్తగా నేను వినలేదు. ఎప్పుడూ రాత్రి పూటే, మగవాళ్ళ మధ్యనే.

ఇది గమనించిన దగ్గర్నుంచీ ఇలాంటి నవల ఏది పట్టుకున్నా ముందు చూసేది ఒక్కటే, వీడు ఈ కథ ఎవరికి చెబుతున్నాడు, ఎవరు వినకుండా చెబుతున్నాడు. అరవింద్ అడిగ ‘ది వైట్ టైగర్’ (2008లో బుకర్ వచ్చింది) తీసుకోండి. డ్రైవర్ బల్‌రాం తన యజమానిని చంపి, బెంగళూరులో వ్యాపారి అయి, కథంతా అప్పటి చైనా ప్రధాని వెన్ జియాబావోకి ఉత్తరాలుగా చెబుతాడు. ఎందుకు ఆయనకే? ఆయన తిరిగి ఏమీ అడగడు కాబట్టి అని నా లెక్క. యజమాని గొంతు కోశానని మొదట్లోనే చెప్పేస్తాడు, అదేదో నిజాయితీలా కనిపిస్తుంది. కానీ ఆ హత్యకు ఊళ్ళో ఉన్న తన కుటుంబాన్ని యజమాని మనుషులు బతకనివ్వకపోవచ్చని వాడికి ముందే తెలుసు. ఆ సంగతి వచ్చినప్పుడల్లా నడక పెంచి దాటేస్తాడు. కార్ల గురించి, విస్కీ గురించి, షాండ్లియర్ల గురించి మాత్రం తీరిగ్గా చెబుతాడు. బల్‌రాం మీద నాకు జాలి ఉంది, కోపం ఉంది, వాడు చెప్పే దోపిడీ అంతా నిజమే. అయినా ఆ ఉత్తరాలు వాడి నాయనమ్మకి రాసి ఉంటే ఒక్క పేజీ కూడా అలా నడిచేది కాదు.

బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్ ‘అమెరికన్ సైకో’ (1991) గురించి ఎప్పుడూ ఒకటే చర్చ, ఆ హత్యలన్నీ నిజంగా చేశాడా, ఊహించుకున్నాడా అని. నాకు ఆ ప్రశ్న మీద అంత మోజు లేదు. ఆ కథ చెప్పే బేట్‌మన్ తన లాయర్‌కి ఫోన్‌లో అన్నీ ఒప్పుకుంటాడు. తర్వాత ఆ లాయర్ ఎదురుపడి, వాణ్ణి వేరే ఎవరో అనుకుని, భలే జోక్ వేశావయ్యా అన్నట్టు నవ్వేస్తాడు. వాడు చెప్పింది నిజమో కాదో తేల్చుకునే తీరిక కూడా ఎవరికీ లేదు. ఆ పుస్తకంలో నాకు అసలు భయం వేసింది అక్కడే. అందులో ఆడవాళ్ళ మీద హింస రాసిన పేజీలు మాత్రం నేను చాలావరకు దాటేశాను, అవి అంత వివరంగా అవసరమని ఇప్పటికీ ఒప్పుకోను.

నాకు అస్సలు నచ్చనివి కూడా చెప్పాలి. చివరి పేజీలో ఇదంతా వాడి భ్రమ అని తేల్చేసి, వెనక్కి వెళ్ళి చూస్తే ఒక్క జాడ కూడా వదలనివి. అది మోసం. అబద్ధం చెప్పొచ్చు, కానీ ఆ పొన్ను ఎక్కడో ఒకచోట కనపడాలి, పాఠకుడు పట్టుకుంటాడా లేదా అన్నది తర్వాత సంగతి. చచ్చినవాణ్ణి వెక్కిరించి నవ్వించేవీ అంతే, నాకు పడవు. నవ్వు చెప్పేవాడి మీదికి రావాలి, వాడు తనను తాను ఎంత మంచివాడిగా అనుకుంటున్నాడో ఆ తేడా మీద రావాలి.

మన సినిమాల్లో ఇది అరుదు, దానికి కారణం ఉంది. పాత్ర ఫ్లాష్‌బ్యాక్ మొదలుపెట్టగానే తెర మీద కనిపించేదంతా జరిగిందే అని మనం ఒప్పుకుంటాం, కళ్ళతో చూశాం కదా. 1950లో హిచ్‌కాక్ ‘స్టేజ్ ఫ్రైట్’లో అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెడితే దాని మీద విమర్శలు వచ్చాయి. పుస్తకంలో ఆ ఇబ్బంది లేదు, అక్కడ ఉన్నది గొంతు ఒక్కటే.

అందుకే నాకు నెల్లూరు యాసలో ఇలాంటి నవల ఒకటి చదవాలని ఉంది. కావలిలోనో గూడూరులోనో నూటికి పది వడ్డీకి తిప్పే మనిషి చెప్పాలి. “ఏందబ్బా, నేనేమన్నా రాచ్చసుణ్ణా” అని మొదలుపెట్టి, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో పేజీలకు పేజీలు చెప్పాలి, బాకీ తీర్చలేని రొయ్యల గుంట రైతు ఒకడు ఆ రోజు నుంచి కనపడలేదని మాత్రం ఒక్క ముక్కలో అనేసి మళ్ళీ పులుసులోకి రావాలి. ఆ రైతు మోటర్‌సైకిల్ ఈయన పెరట్లో ఎందుకుందో ఈయన చెప్పకూడదు, బండి తాళం మాత్రం ఎక్కడో ఒకచోట తనంతట తనే మాట జారాలి.