తోటకూర చుట్టం

అమెరికాలోని ఇల్లినాయ్‌లో మొక్కజొన్న, సోయా రైతులకు కలుపు సలహాలు చెప్పడం నా ఉద్యోగం. జూన్ వచ్చిందంటే ఫోన్లన్నీ ఒకే కలుపు గురించి. పేరు వాటర్‌హెంప్. మన తోటకూరకు దగ్గర చుట్టమే. నూగు లేని నున్నటి కాడ, సన్నటి పొడుగాకు. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో! పోటీ లేకుండా పెరిగితే ఒక్క ఆడ మొక్క 2.5 లక్షలకు పైగా గింజలు రాల్చగలదు. పైగా అన్నీ ఒకేసారి మొలవవు. మేలో మొదలై ఆగస్టు దాకా విడతలు విడతలుగా వస్తూనే ఉంటాయి.

గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే సోయా ఇక్కడ 1996లో, మొక్కజొన్న 1998లో వచ్చాయి. పైరు మీదుగా కొట్టినా పైరు పచ్చగానే ఉంటుంది, కలుపు మాడిపోతుంది. ఇంకేం, రెండు పంటల్లోనూ ఏటా అదే మందు. చావకుండా మిగిలిన మొక్కలే గింజ రాల్చాయి. 2005 కల్లా మిస్సోరీలో ఈ మందుకు లొంగని వాటర్‌హెంప్ బయటపడింది.

అందుకే ఏ మందును తట్టుకునే రకమని విత్తనం సంచి మీద రాసుందో నేను తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, విత్తేటప్పుడు, కలుపు మొలవకుండా ఆపే మందు నేలమీద పడిందా లేదా అని. అది పడకపోతే జూన్‌లో నేను చెప్పగలిగేది తక్కువ. వాటర్‌హెంప్ 4 అంగుళాలు దాటకముందే కొట్టాలి. మంచి ఎండలో అది రోజుకో అంగుళం పెరుగుతుంది. శుక్రవారం 3 అంగుళాలున్నది, వానొచ్చి చేలో దిగలేక సోమవారానికి వాయిదా వేస్తే చెయ్యి దాటినట్టే. గ్లూఫోసినేట్ అనే ఇంకో కలుపు మందును తట్టుకునే రకమైనా అంతే. ఆ మందు తడిసిన ఆకునే మాడుస్తుంది, మబ్బు పట్టిన రోజు సరిగా పనిచెయ్యదు. ఇంకో తలనొప్పి, నిరుడు రాలిన కంకుల నుంచి ఈ ఏడు సోయాలో మొలిచే మొక్కజొన్న. గ్లైఫోసేట్‌తో అదీ చావదు కదా!

తెనాలి దగ్గర మా మావయ్య వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న వేస్తాడు. "అల్లుడూ, ఆ మందు తట్టుకునే విత్తనమేదో పంపరా, కలుపు కూలీ భరించలేకపోతున్నా" అంటాడు. అది జన్యువులు మార్చిన (జీఎం) విత్తనం, జీఎం మొక్కజొన్న సాగుకు మన దేశంలో అనుమతే లేదు మావయ్యా, దొంగచాటుగా ఎవరైనా అమ్మినా కొనకు అన్నాను. విత్తిన రెండు మూడు రోజుల్లో, నేలలో పదును ఉండగా అట్రజిన్ అనే కలుపు మందు కొట్టమన్నాను. ఆ తర్వాతా గడ్డి లేస్తే, అది మూడు నాలుగాకులు వేసినప్పుడు టెంబోట్రయోన్ అనే మందు, ఎకరానికి 115 మి.లీ.

"పదును ఎక్కడుందిరా, నేల అప్పుడే నెర్రెలిచ్చింది" అన్నాడు. అయితే ముందు ఒక తేలికపాటి తడి ఇవ్వు, మందు సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నాను.